బడీ చౌపడ్: జైపూర్ నగరపు నడిబొడ్డు



పగడసాల ఆట తెలుగువారికి కొత్తది కాదు. గుడ్డమీద కూడిక గుర్తు ఆకారంలో నాలుగు చేతులు కుట్టి, ఆ నాలుగూ కలిసే చోట ఒక చదరాన్ని విడిచిపెడతారు. సారెలు ఏ చేతినుండి బయలుదేరినా, ఎంత దూరం చుట్టివచ్చినా, చివరకు పండవలసింది ఆ నడిమి చదరంలోనే. హిందీ ప్రాంతాలలో ఈ ఆటను చౌసర్ అనీ, చౌపడ్ అనీ వ్యవహరిస్తారు. రాజస్థాన్ రాజధాని జైపూర్‌లో రాజవీథులు రెండు ఒకదానినొకటి ఖండించుకునే కూడలికి కూడ చౌపడ్ అనే పేరు. పాత నగరంలో ఇటువంటి కూడళ్లు మూడున్నాయి. తూర్పున రామ్‌గంజ్ చౌపడ్, పడమట ఛోటీ చౌపడ్, నడుమ బడీ చౌపడ్, అనగా పెద్ద కూడలి. దీనికే మాణక్ చౌక్ అనే పాత పేరు కలదు. నేటి ప్రసంగానికి విషయం ఈ పెద్ద కూడలి.

యాత్రికులు సాధారణంగా ఈ కూడలిని చూడరు. దానిని దాటిపోతారు. వారి చూపు ఉత్తరాన కొద్ది అడుగుల దూరంలో ఉన్న హవా మహల్ మీద ఉంటుంది. ఫోటోలలో కనిపించేదీ అదే. కాని ఒక నగరాన్ని నగరంగా నిలబెట్టేది దాని మేడలు కావు. మేడల నడుమ ఎవరి సొంతమూ కాకుండ విడిచిపెట్టిన చోటు. ఆ చోటును మూడు శతాబ్దాలుగా ఎవరెవరు ఎట్లా కాపాడారో, ఎట్లా కోల్పోయారో తెలుసుకుంటే జైపూర్ చరిత్రలో సగం తెలిసినట్లే.

మొదట నగరం పుట్టుక. కఛ్వాహా వంశపు రాజులకు పూర్వపు రాజధాని ఆంబేర్. అది జైపూర్‌కు పదకొండు కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఇరుకైన లోయలో ఉన్నది. శత్రువులను ఆపడానికి ఆ కొండలు అనుకూలమే. అయితే వర్తకులు వచ్చి స్థిరపడడానికి, బండ్లు తిరగడానికి, జనం పెరగడానికి అక్కడ చోటు చాలదు. 1688లో జన్మించి, పదకొండేళ్ల ప్రాయంలోనే గద్దెనెక్కిన సవాయి జయసింహుడు ఖగోళ గణితంలో దిట్ట. ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, కాశి, మథుర నగరాలలో వేధశాలలు నిర్మింపజేసినవాడు. అటువంటివాడు కొండలను విడిచి మైదానంలోకి దిగి, కొత్త రాజధానికి 1727 నవంబరు 18వ తేదీన శంకుస్థాపన చేశాడు. మొగలు సామ్రాజ్యం సడలిపోతూ, దేశమంతట సైన్యాలు కదులుతున్న ఆ రోజులలో ఒక రాజు కోటను విడిచి అంగడికోసం నగరం కట్టించడం సామాన్యమైన సాహసం కాదు. కొత్త నగరానికి కూడ ప్రాకారం ఉన్నది, ద్వారాలున్నాయి. కాని దాని ప్రాణం ప్రాకారంలో లేదు, బజారులో ఉన్నది.

ఈ పనిలో రాజుకు కుడిభుజంగా నిలిచినవాడు విద్యాధర భట్టాచార్యుడు. ఈయన వంగదేశీయుడు. ఆంబేర్ దర్బారులో లెక్కలు చూచే ఉద్యోగంలో ఉండేవాడు. ఒక బెంగాలీ గణకుడు రాజపుత్రుల రాజధానికి రూపకర్త కావడం ఎందరికో ఆశ్చర్యం కలిగిస్తుంది. ఐతే లెక్కలు తెలిసినవాని చేతికి నగరం అప్పగించడంలో జయసింహుని వివేకమే కనబడుతుంది. వీథి వెడల్పును, దుకాణపు కొలతను, కాలువ వాలును నిర్ణయించేది చివరకు లెక్కయే గదా! పందొమ్మిది వందల ఎనభైలలో ప్రముఖ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి రూపకల్పనలో జైపూర్ శివార్లలో వెలసిన కొత్త కాలనీకి విద్యాధర్ నగర్ అని పేరు పెట్టారు.

నగరపు పథకం చెప్పడానికి తేలిక. నేలను తొమ్మిది పెద్ద గడులుగా, అనగా చౌకడీలుగా విభజించారు. వాటిలో రెండు రాజప్రాసాదానికి, వేధశాలకు, రాచకార్యాలకు. తక్కినవి ప్రజల నివాసాలకు, వ్యాపారాలకు. వాయవ్యపు మూల కొండ అడ్డురావడంతో అక్కడ పట్టని గడిని తెచ్చి ఆగ్నేయం వైపు చేర్చారు. కనుక పటం మీద నగరం సరియైన చదరంగా కాక, ఒక మూల పొడుచుకువచ్చినట్లు కనబడుతుంది. శాస్త్రాన్ని నేలమీద రుద్దకుండ, నేలను బట్టి శాస్త్రాన్ని సవరించుకున్నారన్నమాట. తూర్పున సూరజ్ పోల్ మొదలు పడమట చాంద్ పోల్ వరకు, అనగా సూర్యద్వారం మొదలు చంద్రద్వారం వరకు, ఒకే సరళరేఖలో రాజమార్గం సాగుతుంది. ఇది సరిగ్గా తూర్పు పడమరలకు లేదు. సుమారు పదిహేను డిగ్రీలు ఒరిగి ఉన్నది. దీనికి జ్యోతిషం కారణమని కొందరు, మైదానం నడుమ గట్టులా సాగే ఎత్తు నేల వెంబడి మార్గం వేయడం కారణమని కొందరు వాదిస్తారు. గట్టుమీద వేసిన వీథినుండి వాననీరు ఇరువైపులకు తనంతట తాను జారిపోతుందన్న రెండవ వాదమే బలంగా తోస్తుంది.

కొలతలను కూడ గమనించండి. ప్రధాన వీథుల వెడల్పు సుమారు 111 అడుగులు. వాటినుండి చీలే వీథులు దానిలో సగం, వాటినుండి చీలే సందులు మరల అందులో సగం. ఈ క్రమం ఇంటి గడప దాక సాగుతుంది. చౌపడ్ మాత్రం ప్రధాన వీథికి సుమారు మూడింతలు. ఇటు 330 అడుగులు, అటు 330 అడుగులు. అందుచేత త్రిపోలియా బజారు వెంట నడచివచ్చిన మనిషి కూడలిలో అడుగు పెట్టేసరికి ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఇరుకునుండి విశాలానికి రావడంలోని ఈ అనుభూతిని లెక్క వేసి కల్పించారు. యాదృచ్ఛికంగా వచ్చినది కాదు.

బడీ చౌపడ్ నడుమ నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు బజార్లు. పడమట త్రిపోలియా బజారు, ఇత్తడి, రాగి పాత్రలకు పేరుపడినది. దక్షిణాన జౌహరీ బజారు, రత్నాల వర్తకులది. తూర్పున రామ్‌గంజ్ బజారు. అక్కడి చర్మకారులు కుట్టే జూతీలు రాజస్థానమంతటా తొడుగుతారు. ఉత్తరాన సిరహ్ దేవఢీ బజారు, ఆంబేర్ వైపు పోయే దారి. జౌహరీ బజారులోనే జామా మసీదు ఉన్నది. ఆ బజారునుండి చీలే ఘీవాలోం కా రాస్తాలో, అనగా నేతివర్తకుల వీథిలో, జైన మందిరాలున్నాయి. కూడలి అంచున మెట్లెక్కి పోవలసిన లక్ష్మీనారాయణ మందిరం ఉన్నది. వీటిలో ఏదీ కూడలిని ఆక్రమించుకోదు. అన్నీ దాని అంచున ఒదిగి ఉన్నాయి.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ అంచు సంగతి వివరంగా చూడాలి. ఎందుకంటే జైపూర్ వాస్తుశిల్పపు రహస్యమంతా అక్కడే ఉన్నది. బజారు పొడవునా నేలమట్టాన ఒకే వరుసలో దుకాణాలు. వాటి కప్పులన్నీ కలిసి ఒక పొడవైన మిద్దెగా ఏర్పడతాయి. ఆ మిద్దెకు వెనుకగా హవేలీల ముఖాలు, మందిరాల ముఖాలు పైకి లేస్తాయి. దుకాణదారుడు ఎవరైనా దుకాణపు ముఖం ఒకటే. వెనుక హవేలీ ఎంత పెద్దదైనా వీథికి కనబడే భాగం వరుసకు లోబడవలసిందే. గోడలోనుండి ముందుకు వచ్చిన గవాక్షం, దానిపై వంగిన చూరు, రాతి జాలకం, అంచున చిన్న గుమ్మటపు ఛత్రి: ఈ నాలుగైదు అక్షరాలతోనే వీథి పొడవునా వాక్యం రాశారు. రాళ్లు పేర్చి కట్టిన గోడలకు సున్నపు గార పూసి, పైన తెల్లని రేఖలు తీర్చారు. లోపలికి పోతే మాత్రం యజమాని ఇష్టం. ఒకరికి రెండు చౌకులు, ఒకరికి నాలుగు; ఒకరి ఇంట కుడ్యచిత్రాలు, మరొకరి ఇంట ధాన్యపు గది. ముందు భాగం అందరిదీ, వెనుక భాగం ఎవరిది వారిది. ఈ కట్టుబాటును నిలబెట్టే బాధ్యత విద్యాధరునిది. గుడి కట్టినా దుకాణాల వరుసను చెరచకుండ మెట్ల మీదుగా పై అంతస్తులోకి ఎక్కించాడే గాని, దారిలోకి రానివ్వలేదు.

ఆ పొడవైన మిద్దెలు మరొక పనికి కూడ వచ్చాయి. ఊరేగింపులు చూడడానికి వాటికంటె మంచి చోటు లేదు. శ్రావణంలో తీజ్, చైత్రంలో గణ్‌గౌర్ ఉత్సవాలకు గౌరీదేవి పల్లకి త్రిపోలియా ద్వారం గుండా వెలువడి, త్రిపోలియా బజారు మీదుగా ఛోటీ చౌపడ్ చేరి, అక్కడినుండి గణ్‌గౌరీ బజారులోకి మళ్లుతుంది. ఏనుగులు, ఒంటెలు, బాకాలు, పల్లెలనుండి వచ్చిన స్త్రీల పాటలు క్రింద; మిద్దెలపై జనం. వీథి రంగస్థలం, మిద్దె ప్రేక్షకుల చోటు. ఊరేగింపు ఛోటీ చౌపడ్ వైపే తిరిగినా, ఆనాడు బడీ చౌపడ్ కూడ జనంతో క్రిక్కిరిసి ఉంటుంది.

ఇక నీటి సంగతి. ఎడారి అంచున ఉన్న ఊరికి నీరే అసలైన ప్రశ్న. జయసింహుని కాలంలో నగరం వెలుపలినుండి కాలువ తవ్వి, రాజవీథుల వెంబడి కప్పిన మార్గం గుండా నీటిని తెచ్చారు. ఆ నీరు చౌపడ్‌ల నడుమ రాతితో కట్టిన కుండాలలోకి చేరేది. గోముఖాలనుండి నీరు పడుతుంటే, మెట్లు దిగి జనం కడవలు నింపుకునేవారు. రత్నాల వర్తకుని ఇంటి పనిమనిషికీ, బండి తోలే రైతుకూ, దూరదేశపు బాటసారికీ నీరు దొరికే చోటు అదే. ఈ సంగతి వినగానే తెలుగువారికి హైదరాబాదు గుర్తుకు రాక తప్పదు. 1591లో చార్మినార్ కట్టించిన కుతుబ్‌షాహీలు, దానికి ఉత్తరాన నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టిని నిలిపారు. నగరాలు రెంటి నడుమ వంద సంవత్సరాలకు పైగా వ్యవధి ఉన్నది, వేయి కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. రాజుల మతం వేరు, శిల్పపు సంప్రదాయం వేరు. అయినా దారులు కలిసే చోట నీరు ఉండాలని ఇరువురికీ తోచింది. గాజుల విషయంలోనూ ఈ పోలిక కలదు. చార్మినార్ ప్రక్కన లాడ్ బజారులో లక్క గాజులు చేసినట్లే, త్రిపోలియా బజారునుండి చీలే మణిహారోం కా రాస్తాలో ముస్లిం మణిహార్ కుటుంబాలు లక్కను నిప్పు సెగమీద కరిగించి, చేతికి సరిపడేట్లు అప్పటికప్పుడు గాజులు తీరుస్తాయి. పెళ్లిళ్లకు, తీజ్ పండుగకు హిందూ స్త్రీలు తొడుగుకునే గాజులవి.

రాజు చౌపడ్ గీయగలడు గాని, దానిలోకి జనాన్ని గీయలేడు. కనుక జయసింహుడు నలుమూలలనుండి మనుషులను పిలిపించాడు. వర్తకులకు స్థలాలిచ్చాడు. పండితులకు నగరం ఉత్తరపు వైపున బ్రహ్మపురి అనే పేట కట్టించాడు. మహారాష్ట్రనుండి వచ్చిన జగన్నాథ సమ్రాట్ అరబ్బీ నేర్చి, నసీరుద్దీన్ తూసీ సంస్కరించిన యూక్లిడ్ రేఖాగణితాన్ని 'రేఖాగణితం' పేరుతో సంస్కృతంలోకి తెచ్చాడు. గ్రీకు దేశపు గ్రంథం, పారశీక పండితుని చేతి అరబ్బీ పాఠం, మరాఠీ పండితుని సంస్కృతం, రాజపుత్రుని పోషణ! అనువాదకుల పేర్లు చరిత్రలో చిన్న అక్షరాలలో ఉంటాయి. జైపూర్‌లో మాత్రం ఒకని పేరు పెద్ద అక్షరాలలోనే ఉన్నది.

ఆ పిలుపుకు పలికినవారిలో తెలుగు మూలాలు గలవారు కూడ ఉన్నారు. ఉత్తరాదిలో వీరిని తైలంగులని, తైలంగ భట్టులని అంటారు. ఆంధ్రదేశంనుండి తరలిపోయి ఉత్తరాన స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబాలవి. వారిలో శ్రీకృష్ణభట్టు కవికళానిధి అనే బిరుదు గలవాడు. బూందీ సంస్థానంనుండి ఆయనను జయసింహుడు తన ఆస్థానానికి రప్పించుకున్నాడు. ఆయన సంస్కృతంలో రచించిన 'ఈశ్వరవిలాస మహాకావ్యం' జయసింహుని అశ్వమేధ యాగాన్ని, ఆ కాలపు చరిత్రను చెప్పే ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. కొత్త నగరాన్ని కట్టినప్పుడు కళ్లారా చూచిన వారిలో ఒకడైన ఈ కవి ఇంట తెలుగు ఎంతకాలం నిలిచిందో గాని, తైలంగ శబ్దం మాత్రం చెరగలేదు. ఆ వంశంలోనే 1889లో జన్మించిన భట్ట మథురానాథ శాస్త్రి 1947లో 'జయపుర వైభవమ్' అనే సంస్కృత కావ్యాన్ని ప్రకటించారు. నగరమూ, వీథులూ, ఉద్యానాలూ, ఉత్సవాలూ, ప్రజలూ అందులోని వస్తువు. విశేషమేమంటే, దోహా, ఘనాక్షరి, గజల్ వంటి హిందీ, ఉర్దూ ఛందస్సులను ఆయన సంస్కృతంలోకి తెచ్చారు. జయపురంలో పుట్టి పెరిగిన తైలంగుడు, సంస్కృతం, గజల్: ఈ కలయికను విడదీసి ఏది ఏ ప్రాంతానిదో చెప్పబోతే పని తెమలదు.

హిందీ సాహిత్య విద్యార్థులు చదివే పద్మాకర కవి కూడ తైలంగుడే. 1753 మొదలు 1833 వరకు జీవించిన ఈ వ్రజభాషా కవి జైపూర్ దర్బారులో ప్రతాపసింహుని, ఆయన కుమారుడు జగత్‌సింహుని ఆశ్రయించాడు. జగత్‌సింహుని పేర 'జగద్వినోద్' రచించాడు. ప్రతాపసింహుడు స్వయంగా 'వ్రజనిధి' పేరుతో కవిత్వం చెప్పినవాడు. హవా మహల్ కట్టించినది కూడ ఆయనే.

హవా మహల్‌ను గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగాలి. 1799లో లాల్‌చంద్ ఉస్తాద్ దీనిని నిర్మించాడు. అయిదు అంతస్తులు, 953 చిన్న కిటికీలు. పేరుకు మహల్ గాని, నివాసయోగ్యమైన సౌధం కాదు. పై మూడు అంతస్తులలో లోతు ఒక గది మాత్రమే. పైకి పోవడానికి మెట్లు లేవు, వాలుదారులున్నాయి. ముందునుండి ద్వారం లేదు, వెనుకగా చుట్టిపోవాలి. నిజానికి ఇది రాజప్రాసాదం తూర్పు అంచున నిలబెట్టిన రాతి తెర. అంతఃపుర స్త్రీలు తాము కనబడకుండ బజారునూ, కూడలినుండి వచ్చే ఊరేగింపునూ చూడడానికి కట్టినది. వీథిలో ఉన్నవారు దానిని చూస్తారు, దానిలో ఉన్నవారు వీథిని చూచారు. ఆ తెర ఎంత అందమైనదైనా, కూడలిలో నడిచే హక్కు లేనివారికోసం కట్టినదని మరువరాదు. పనివాని బిడ్డ స్వేచ్ఛగా దిగగల కుండపు మెట్లు రాణికి అందుబాటులో లేవు.

ఇక గులాబీ రంగు. 1876లో ఇంగ్లండు యువరాజు రాక సందర్భంగా రెండవ రామసింహుడు నగరానికి ఒకే రంగు వేయించాడని ప్రసిద్ధి. జైపూర్ అంటే రంగు అనుకోవడం అక్కడినుండి మొదలైనది. నగరం అప్పటికి నూటయాభై సంవత్సరాల వయసు గలది. రంగు పైపూత. వరుస, కొలత, మిద్దె, కూడలి దాని ఎముకలు.

అదే రామసింహుని కాలంలో మరొక మార్పు వచ్చింది. దాని ప్రభావం రంగు కంటె లోతైనది. గొట్టాల ద్వారా నీరు వచ్చింది. ఇల్లిల్లు తనకు తాను నీరు తెచ్చుకోగలిగినప్పుడు చౌపడ్ నడుమ ఉన్న కుండానికి పని తగ్గింది. కాలక్రమేణ కుండాలు పూడాయి. వాటిమీద చిన్న తోట, ఫౌంటెన్ వెలిశాయి. మోటారు వాహనాలు వచ్చాక ఆ తోట చుట్టూ తిరిగిపోయే వలయంగా చౌపడ్ మారింది. క్రింద మెట్లున్నాయన్న సంగతి పాత పటాలు చూచినవారికి తప్ప తక్కినవారికి గుర్తు లేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ కూడలి చరిత్రలో దక్షిణదేశపు పేరు మరొకటి కనబడుతుంది. మైసూరులో దివానుగా పేరు తెచ్చుకున్న సర్ మీర్జా ఇస్మాయిల్ 1942లో జైపూర్ దివానై 1946 వరకు పనిచేశారు. పిమ్మట హైదరాబాదు సంస్థానానికి ప్రధానిగా వెళ్లారు. ఆయన కాలంలోనే బజార్లలో దుకాణాల ముందు స్తంభాలతో కూడిన వరండాలు అమర్చబడ్డాయి. దుకాణదారుని ముందు అడ్డదిడ్డంగా వేసిన రేకులు, గుడారాలకు బదులు, నడిచేవారికి ఎండ, వాన తగలని ఒకే వరుస నీడ లభించింది. రెండు వందల ఏళ్ల తరువాత వచ్చిన చేర్పు అయినా, విద్యాధరుని వరుసకు ఇది భంగం కలిగించలేదు. కొత్త భాగాన్ని చూచి పాతదనుకునే యాత్రికులే ఎక్కువ.

ఐతే వరండా ఉన్నచోట సామానుకు రెక్కలు వస్తాయి. ఒక దుకాణదారుడు రెండు మూటలు బయట పెడతాడు. ప్రక్కవాడు అల్మారా పెడతాడు. మూడవవాడు గోడే కడతాడు. స్వాతంత్ర్యానంతరం నగరంలో జనం అనేక రెట్లు పెరగగా, పాత బజార్లలో వరండాలు క్రమంగా దుకాణాల కడుపులోకి పోయాయి. పాదచారులు రోడ్డు మీదికి దిగారు. 2000 సంవత్సరంలో 'ఆపరేషన్ పింక్' పేరుతో ఆక్రమణలు తొలగించి వరండాలను తిరిగి నడిచేవారికి అప్పగించే ప్రయత్నం జరిగింది. అది శాశ్వత పరిష్కారమైనదని చెప్పలేము. వర్తకునికి ఒక గజం స్థలం జీవనాధారం. నడిచేవానికి అదే గజం హక్కు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. 2019 జూలైలో యునెస్కో జైపూర్ ప్రాకార నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందే 2010లో వేధశాల ఆ జాబితాలో చేరింది. వేధశాలను కంచె వేసి కాపాడవచ్చు. లక్షల మంది తిరిగే బజారుకు కంచె ఎక్కడ వేయగలం?

స్వతంత్ర భారతంలో బడీ చౌపడ్ మరొక పాత్ర ధరించింది. రాజస్థాన్ తొలి శాసనసభ 1952లో సమావేశమైనది హవా మహల్ సమీపంలోని టౌన్ హాల్‌లో. ఆ తరువాత దశాబ్దాలపాటు రాష్ట్ర చట్టాలు ఆ బజారు ప్రక్కనే రూపొందాయి. శాసనసభ కొత్త భవనానికి తరలిపోయినా ఒక ఆచారం మిగిలింది. స్వాతంత్ర్య దినోత్సవంనాడు, గణతంత్ర దినోత్సవంనాడు పాలకపక్షం వారు, ప్రతిపక్షం వారు ఉభయులూ బడీ చౌపడ్‌లో జాతీయ పతాకాన్ని ఎగురవేస్తారు. ఎన్నికలలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, కూడలి ఒకటే, పతాకం ఒకటే. రాజు ఊరేగింపును మిద్దెలపైనుండి చూచిన నగరంలో ఇరుపక్షాలవారూ జనం నడుమ నేలమీద నిలబడడం చిన్న మార్పు కాదు.

ఈ కూడలి కన్నీరు కూడ చూచింది. 2008 మే 13వ తేదీ సాయంత్రం పాత నగరంలో వరుసగా బాంబులు ప్రేలాయి. మాణక్ చౌక్, జౌహరీ బజారు, త్రిపోలియా బజారు, ఛోటీ చౌపడ్, చాంద్ పోల్: విద్యాధరుడు మనుషులు కలవడానికి గీసిన గీతల వెంబడే ఆ విస్ఫోటనాలు జరిగాయి. అరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మందిరానికి వచ్చినవారు, గాజులు కొనవచ్చినవారు, దుకాణాల పనివారు అందులో ఉన్నారు. జనం గుమికూడే చోటును ఎన్నుకోవడంలోనే ఆ క్రూరత్వపు ఉద్దేశం తెలుస్తుంది: జనం ఒకచోట గుమికూడడానికి భయపడాలని. బజార్లు మళ్లీ తెరుచుకున్నాయి. మసీదు, మందిరం, జైనాలయం, మణిహార్ల అంగడి ఎప్పటి చోటనే ఉన్నాయి.

చివరగా భూగర్భ రైలు. మాన్‌సరోవర్‌నుండి చాంద్ పోల్ వరకు మెట్రో రైలు 2015 జూన్‌లో ప్రారంభమైంది. దానిని పాత నగరంలోకి పొడిగించాలంటే చాంద్ పోల్, త్రిపోలియా బజార్ల క్రింద సొరంగం తవ్వాలి. ఛోటీ చౌపడ్, బడీ చౌపడ్‌ల క్రింద స్టేషన్లు కట్టాలి. తవ్వకం మొదలుకాగానే, మరుగునపడిన కుండాలు బయటపడ్డాయి. ఫౌంటెన్ క్రింద రాతి మెట్లు, గోముఖాలు, నీరు పారిన మార్గాలు! తాతముత్తాతలు నీరు తోడుకున్న మెట్లను చూడడానికి జనం గుంపులుగా వచ్చారు. అప్పుడు తీవ్రమైన వివాదం లేచింది. మూడు వందల ఏళ్ల నగరాన్ని యంత్రాలకు అప్పగించరాదని వారసత్వ పరిరక్షకులు ఆక్షేపించారు. హవా మహల్ వంటి సున్నితమైన కట్టడం సమీపంలో భూమి కంపించడం మంచిది కాదన్నారు. ఇరుకు వీథులలో వాహనాల పొగతో ఊపిరాడని నగరానికి వేరే దారి లేదని ప్రభుత్వం వాదించింది. చివరకు కుండాల రాళ్లను విప్పి భద్రపరచి, స్టేషన్ల పని ముగిశాక పైన తిరిగి కట్టే మార్గం ఎన్నుకున్నారు. 2020 సెప్టెంబరు 23వ తేదీన బడీ చౌపడ్ వరకు రైలు నడిచింది.

విప్పి తిరిగి కట్టిన రాయి పాత రాయే గాని, అది పాత చోటు అవునా అన్నది తేలని ప్రశ్న. నీటిని తెచ్చిన కాలువ తిరిగి రాదు. గొట్టంలోనుండి వచ్చిన నీరు గోముఖంలోనుండి పడినంతమాత్రాన ఎవరూ కడవ పట్టుకురారు. ఈ ఆక్షేపణలు సరియైనవే. కాని మరొక వైపునుండి చూడండి. నూరేళ్లకు పైగా చౌపడ్ నడిమి చదరం చుట్టూ తిరిగిపోవలసిన వలయం మాత్రమే. దానిలోకి మనిషి దిగే పని లేదు. ఇప్పుడు శివార్లలోని కాలనీనుండి రైలులో వచ్చిన ఉద్యోగి, పల్లెనుండి తీజ్ చూడవచ్చిన ముసలమ్మ, జౌహరీ బజారులో పచ్చలు సానబట్టే పనివాడు భూమిక్రిందనుండి మెట్లెక్కి సరిగ్గా ఆ కూడలిలోనే పైకి తేలుతున్నారు. సొరంగపు ఇరుకులోనుండి బయటికి వచ్చేసరికి, ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఎదుట దుకాణాల వరుస, వరుసపై మిద్దె, మిద్దె వెనుక గవాక్షాలు, మెట్ల దాపున బంతిపూలు అమ్మేవారి బుట్టలు. ఏ వైపు పోవాలో తెలియనివారు అక్కడ ఒక నిమిషం నిలబడి, నాలుగు దిక్కులా చూచుకుని, ఆ తరువాత ఏదో ఒక బజారులోకి మళ్లుతున్నారు.